నిద్రను చంపాడా, నిద్రనే చంపాడా?

నిద్రగన్నేరు
పెద్దలకు నమస్కారం. మూడు రోజులుగా ఒక వాక్యం తలలో తిరుగుతోంది, దించుకుందామంటే దిగట్లేదు. డిగ్రీలో మాకు షేక్‌స్పియర్ మాక్బెత్ నాటకం ఉండేది. రెండో అంకం రెండో రంగం చెబుతున్నారు మా ఇంగ్లీషు మాస్టారు. మధ్యాహ్నం క్లాసు, కరెంటు లేదు, వెనక బెంచీలన్నీ కునికిపాట్లు పడుతున్నాయి. నిద్రపోతున్న రాజు డంకన్‌ని పొడిచేసి మాక్బెత్ మెట్లు దిగి వచ్చి, ఏదో గొంతు వినిపించిందని పెళ్లాంతో చెప్పే చోట, ఆయన పుస్తకం మూసి, డస్టరు బల్ల మీద ఠపీమని కొట్టి తెలుగులో అన్నారు: "నిద్రలో చంపాననుకున్నాడు. నిద్రనే చంపాడు." సుద్దపొడి లేచి ముందు బెంచీలో మా అందరి మీదా పడింది. అది గుర్తుంది. కానీ ఆయన "నిద్రనే" అన్నారా, "నిద్రను" అన్నారా అన్నది ఇప్పుడు ఎంత తవ్వినా తేలట్లేదు. పుస్తకం మార్జిన్‌లో రాసుకున్నాను కూడా. ఆ పుస్తకం మా చెల్లెలికి, దాని దగ్గర్నుంచి ఇంకెవరికో పోయింది. ఇది ఏదైనా అచ్చయిన అనువాదంలోని వాక్యమా, మాస్టారి సొంతమా? ఎవరికైనా తెలుసా?

ఫుట్‌నోట్
ఎవరిదో తెలీదు కానీ "నే" మాత్రం ఉండకూడదు. మూలం "మాక్బెత్ డజ్ మర్డర్ స్లీప్". ఇవాళ్టి చెవికి ఆ "డజ్" నొక్కి చెబుతున్నట్టు వినిపిస్తుంది కాబట్టి తెలుగులో ఒక ఏవకారం తగిలించాలని చెయ్యి దురద పెడుతుంది. ఈ నాటకం రాసిన 1606 ప్రాంతంలో ఆ డూ, డజ్‌లకు అంత బరువు లేదు. మన పద్యాల్లో గణం నింపడానికి వేసే "మరి", "కదా" లాంటివి. లయ చూసినా అంతే. బెత్ మీద, మర్ మీద, స్లీప్ మీద ఊనిక పడుతుంది. డజ్ తేలిపోయే జాగాలో ఉంది. "నిద్రను" చాలు.

అరసున్న
ఫుట్‌నోట్ గారూ, డజ్‌ని పూడ్చిపెట్టారు, బాగుంది. కానీ తెలుగు వాక్యానికి ఊనిక తెలుగు అవసరం కోసం వస్తుంది. "నిద్ర చంపుకుని చదివాడు" అని మనం రోజూ అంటాం. ఆకలి చంపుకుంటాం, మనసు చంపుకుంటాం. "నిద్రను చంపాడు" అంటే తెలుగువాడికి ముందు గుర్తొచ్చేది పరీక్షల ముందు రాత్రి టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకున్న కుర్రాడు. హత్య కాదు. "నిద్రనే" అన్నప్పుడే ఆ అలవాటు మాట పగిలి లోపలి కత్తి కనబడుతుంది. ఆ మాస్టారికి ఇంగ్లీషు ఎంత వచ్చో నాకు తెలీదు, తెలుగు మాత్రం వచ్చు.

చలిచీమ
అయితే ఇంజనీరింగ్ పిల్లలందరూ కాడర్ ప్రభువులే, అంటే మాక్బెత్‌లే అన్నమాట.

ఫుట్‌నోట్
అరసున్న మాస్టారూ, "చంపుకోవడం" వేరు, "చంపడం" వేరు. ఆ "కొను" తీసేశాక మీ పరీక్షల కుర్రాడు ఎక్కడున్నాడు?

అరసున్న
"కొను" తీసినా వాసన పోదు. ఇంగువ కట్టిన గుడ్డ సామెత నేను చెప్పక్కర్లేదు కదా.

తేటగీతి
ఇద్దరికీ గొడవ లేకుండా విభక్తే ఎగరగొట్టి రెండు పాదాలు అల్లాను. చిత్తగించండి.

నిద్ర చంపెను మాక్బెతు నేటినుండి
నిద్ర లేదిక కాడరు నేత్రములకు

వావిలాల వాసుదేవశాస్త్రి గారు జూలియస్ సీజర్‌ను తెలుగులోకి తెస్తూ తేటగీతి పద్యాన్నే నమ్ముకున్నారు. షేక్‌స్పియర్ నడకకు మనకున్న వాటిలో అదే దగ్గర. ప్రాస బాధ లేదు, పాదం దాటి వాక్యం పారుతుంది.

అరసున్న
ని-నే యతి రెండు పాదాల్లోనూ కుదిరింది, శభాష్. రెండో పాదం మాత్రం కంటాసుపత్రి బోర్డులా ఉంది.

ఫుట్‌నోట్
గ్లామిస్‌ని ఎక్కడ పారేశారు? ఆ గొంతు చెప్పిన వాక్యానికి ఆయువుపట్టే అది. "గ్లామిస్ నిద్రను చంపాడు, కాబట్టి కాడర్ ఇక నిద్రపోడు, మాక్బెత్ ఇక నిద్రపోడు." ముగ్గురూ ఒక్కడే. గ్లామిస్ వారసత్వంగా వచ్చిన పేరు. కాడర్ మొన్న యుద్ధం గెలిచినందుకు డంకన్ ఇచ్చిన పేరు, అదీ ఒక ద్రోహి తల తీయించి ఖాళీ అయిన పేరు. నేరం పాత పేరు చేసింది, శిక్ష కొత్త పేరుకు పడింది. ఇంకోటి గమనించండి. మొదటి అంకంలో మంత్రగత్తెలు కూడా మూడు పిలుపులే పిలిచారు: గ్లామిస్, కాడర్, కాబోయే రాజు. ఇక్కడ గొంతు కూడా మూడు పిలుస్తుంది కానీ మూడోచోట "రాజు" లేదు, వట్టి మాక్బెత్. దేని కోసం చంపాడో ఆ ఒక్క మాటనే గొంతు నోట రానివ్వలేదు. దీన్ని తేటగీతిలో ఇమడ్చలేక వదిలేస్తే ఎలా?

తేటగీతి
గ్లామిస్‌కి గణం కుదరలేదండీ. "గ్లామిసు" అంటే భగణం, ఇంద్రగణాల చోట సరిపోతుంది, కానీ అక్కడ పెడితే మాక్బెత్ బయటికి పోతాడు. ఒకే పాదంలో ముగ్గురు ప్రభువులకు వసతి చూపించడం నా వల్ల కాలేదు.

నిద్రగన్నేరు
అందరికీ ధన్యవాదాలు. నా ప్రశ్న మాస్టారి వాక్యం గురించి...

చలిచీమ
అక్కా, ఈ గుంపులో ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు వచ్చిన దాఖలా ఉందా?

చలిచీమ
అన్నట్టు ఆ మంత్రగత్తెలని "వియర్డ్ సిస్టర్స్" అంటారు కదా, 1623 ఫోలియోలో, అంటే షేక్‌స్పియర్ నాటకాల తొలి సంకలనంలో, ఆ స్పెల్లింగే లేదట, వేవర్డ్, వేయర్డ్ అని ఏదో ఉందట. అంటే విధి తెలిసిన అక్కచెల్లెళ్లా, దారి తప్పిన వాళ్లా?

ఫుట్‌నోట్
దానికి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ మొదలెడితే సంక్రాంతి దాకా అవదు.

తెరవెనక
ఇందాకటి నుంచి చదువుతున్నాను. మీరంతా "నే" దగ్గర ఆగిపోయారు. మా ఊరి క్లబ్బు వాళ్లం ఒకసారి ఈ రంగం ఒక్కటీ తెలుగులో వేశాం, నేనే రాసుకుని నేనే చంపాను. రిహార్సల్లో నాకు ప్రాణం తీసింది "నే" కాదు, "అని".

ఎలాగో చెబుతాను. ఇంగ్లీషులో "ఒక గొంతు అరిచినట్టనిపించింది" అన్నది ముందే వచ్చేస్తుంది, తర్వాత ఆ గొంతు మాటలు. ఎక్కడ ఆగిపోయాయో చెప్పనక్కర్లేదు. తెలుగులో అలా కుదరదు. ఎవరో అన్న మాటను "అని" తో మూయాలి. మూత ఎక్కడ పెట్టాలి? "ఇక నిద్రలేదు, మాక్బెత్ నిద్రను చంపుతున్నాడు" దగ్గర పెట్టామనుకోండి. ఆ తర్వాత వచ్చేవన్నీ, అమాయకపు నిద్ర, చిక్కుపడ్డ దిగులు పోగుల్ని సరిచేసే నిద్ర, రోజు బతుకుకి చావు, ఒళ్లు హూనమైనవాడికి స్నానం, దెబ్బతిన్న మనసుకి మందు, ఇవన్నీ మాక్బెత్ సొంత మాటలవుతాయి. చేతులకి నెత్తురు కారుతుండగా ఒక మనిషి తను పోగొట్టుకున్నదాన్ని పొగుడుతున్నాడు. అదే "అని"ని అయిదు లైన్ల కిందికి జరిపితే ఆ పొగడ్తంతా గాలిలోంచి వచ్చిన గొంతుది. మొదటిదాంట్లో హంతకుడు కవి. రెండోదాంట్లో దయ్యం కవి.

డైరెక్టరు కిందికి జరపమన్నాడు. నాకు పైన ఉంటేనే ఊపిరి ఆడింది. మూడు రాత్రులు కొట్టుకున్నాం.

ఫుట్‌నోట్
చాలా మంచి పాయింటు. ఇంకో సంగతి చేరుస్తాను. 1623 ఫోలియోలో అక్కడ కొటేషన్ గుర్తులే లేవు. ఈ నాటకానికి మనకున్న మొదటి ప్రతి అదొక్కటే, అంతకన్నా పాతది లేదు. ఇప్పటి పుస్తకాల్లో కనిపించే గుర్తులన్నీ తర్వాత సంపాదకులు పెట్టినవి. కొందరు "మర్డర్ స్లీప్" దగ్గర మూసేశారు, కొందరు ఆ పొగడ్త చివర వచ్చే "జీవితపు విందు" దాకా లాగారు. అంటే ఇంగ్లీషు వాళ్లకీ "అని" తగవు ఉంది, కానీ వాళ్లది కాగితం మీద. స్టేజీ మీద తప్పించుకోవచ్చు. మనకి స్టేజీ మీద కూడా తప్పదు.

అరసున్న
ఎందుకు తప్పదూ? "అని" ముందు వేసి "ఒక గొంతు ఇలా అన్నది" అంటే సరిపోలా?

తెరవెనక
మాస్టారూ, "ఇలా అన్నది" అని చూడండి. అప్పుడే మనిషిని చంపొచ్చినవాడు అలా మాట్లాడతాడా? హరికథ చెప్పినట్టుంటుంది.

కొలిమి
ఆ గొంతు మాక్బెత్ లోపలిదే, అనుమానం ఎందుకు? "ఇల్లంతా వినబడేలా అరిచింది" అంటాడు. ఇల్లంతా అరిస్తే పక్కనున్న భార్యకు వినబడాలి కదా. ఆవిడేమంది? ఏమైనా చప్పుడు విన్నావా అని అడిగితే గుడ్లగూబ కూత, కీచురాళ్ల చప్పుడు విన్నానంది. "ఎవరు అలా అరిచింది?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఒకే ఇంట్లో ఒకే రాత్రి, ఒకరికి గుడ్లగూబ, ఇంకొకరికి తీర్పు.

గుడ్లగూబ అనగానే తిక్కన సౌప్తికపర్వం ఎవరికీ గుర్తు రాలేదా? ఇది తెలుగు గుంపేనా?

ఫుట్‌నోట్
ఎవరో ఒకరు తెస్తారని చూస్తున్నాను. అశ్వత్థామే కదా?

కొలిమి
ఇంకెవరు. మర్రిచెట్టు కింద ముగ్గురు. కృపుడికి, కృతవర్మకి నిద్ర పట్టింది. అశ్వత్థామకు పట్టలేదు. నిద్ర పట్టనివాడికే గుడ్లగూబ కనబడింది, చెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక్కొక్కటే చంపుతూ. నిద్రపోతున్న పాండవ శిబిరం మీద పడి చంపాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. మాక్బెత్‌ది దానికి తిరగబడ్డ బొమ్మ. వాడు చంపాక నిద్ర పోయింది, వీడికి నిద్ర పోయాక చంపాలనిపించింది. శిబిరం వాకిట్లో భయంకరమైన భూతం అడ్డుపడటం, అది శివుడని తెలిసి తన ఒంటినే ఆహుతిగా ఇవ్వబోవడం, ఆయన కత్తి ఇచ్చి లోపల ఆవేశించడం, అదంతా ఒకసారి తలుచుకోండి. మాక్బెత్‌కి గాలిలో కత్తి కనబడింది, పట్టుకోబోతే చేతికి రాలేదు. మనవాడి చేతికి వచ్చింది.

చివరి శిక్ష కూడా చూడండి. మూడు వేల ఏళ్లు ఒంటి నిండా నెత్తురూ చీమూ వాసనతో, పలకరించే దిక్కు లేకుండా తిరగమని కృష్ణుడి శాపం. అక్కడ లేడీ మాక్బెత్ అరేబియా అత్తర్లన్నీ పోసినా ఈ చిన్న చేతి వాసన పోదంటుంది. వాసన దగ్గర రెండు కథలూ కలిశాయి. చచ్చిపోయే అదృష్టం ఆవిడకుంది, ఇతనికి లేదు.

అరసున్న
బాగా చెప్పారు కొలిమి గారూ, కానీ ఇక్కడ తిక్కన కన్నా ముందు తలవాల్సింది పోతనను. ప్రథమస్కంధంలో అశ్వత్థామను కట్టి తెచ్చి ద్రౌపది ముందు పడేస్తే ఆవిడ అడిగింది చూడండి:

నిద్రాసక్తుల సంహరింప నకటా నీ చేతు లెట్లాడెనో

శార్దూలం. పై మూడు పాదాలు మీకందరికీ నోటికి వచ్చే ఉంటాయి. ఉద్రేకం, కించిద్ద్రోహం, భద్రాకారులు, ఆఖర్న నిద్ర. ద్ర ప్రాస. పద్యం మొదలైనప్పటి నుంచీ ప్రాసాక్షరం "నిద్ర" కోసం గుమ్మంలో నిలబడి ఉంది. నాలుగో పాదంలో నిద్ర అడుగు పెట్టింది, వెంటనే "సంహరింప". నిద్రనే చంపడం అంటే అదండీ. ఏవకారం వెయ్యకుండా ప్రాసతో వేసిన ఊనిక.

కొలిమి
పోతన గారి మీద ఏమీ అనను. కానీ ఆ ప్రాస పోతనకి ద్రౌపది ఇచ్చిందా, ద్రౌపదికి పోతన ఇచ్చాడా? ద్ర ప్రాస ఎత్తుకున్నాక నిద్ర రాక తప్పదు. ఇంకేం మాటలున్నాయి, క్షుద్రం, ముద్ర, సముద్రం. తిక్కనది ప్రాస చూపించే చెయ్యి కాదు, సన్నివేశం చూపించే చెయ్యి.

అరసున్న
రాక తప్పదన్న మాట సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడికి రప్పించడమే కవిత్వం. అది పక్కన పెట్టి "చేతు లెట్లాడెనో" చూడండి. "కాళ్లూ చేతులూ ఆడలేదు" అంటాం కదా మనం. ఆ "ఆడు"తో ద్రౌపది అడుగుతోంది, పసిపిల్లల మీద నీ చేతులు ఎలా కదిలాయి అని. మాక్బెత్‌కి చంపేటప్పుడు ఆడాయి. చంపాక ఆడలేదు. కాపలావాళ్ల పక్కన పెట్టాల్సిన కత్తులు చేతిలో పట్టుకునే వచ్చేశాడు. తిరిగి వెళ్లి పెట్టమంటే, నేను వెళ్లను, చేసింది తలుచుకోవడానికే భయంగా ఉంది అన్నాడు. ఆవిడే తీసుకెళ్లి పెట్టింది. తలుపు చప్పుడవగానే తన చేతుల్ని చూసుకుని "ఇవేం చేతులు?" అంటాడు. ద్రౌపది ప్రశ్న అతనే వేసుకున్నాడు.

తెరవెనక
మాస్టారూ, ఇది నాకు ముప్పై ఏళ్ల కిందట చెప్పి ఉంటే ఆ రంగం ఇంకోలా వేసేవాణ్ణి.

నిద్రగన్నేరు
చేతుల సంగతి చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కానీ చర్చ మళ్లీ...

పడుగుపేక
ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. ఇందాక తెరవెనక గారు "చిక్కుపడ్డ దిగులు పోగులు" అన్నారు. అక్కడ ఒక సందేహం. నా పుస్తకంలో ఆ మాటకి కింద చొక్కా చెయ్యి అని అర్థం రాశారు, స్లీవ్ అని. దారాలు ఊడిపోయిన చొక్కా చేతిని నిద్ర మళ్లీ అల్లుతుందట. ఏది కరెక్టు?

ఫుట్‌నోట్
ఫోలియో స్పెల్లింగు చొక్కా చెయ్యిలాగే ఉంది. కానీ అదే ఉచ్చారణతో ఇంకో పాత మాట ఉంది, స్పెల్లింగులో రెండో "ఈ" బదులు "ఏ" వస్తుంది దాంట్లో. సన్నని పట్టు పోగు, పురి పెట్టనిది అని అర్థం. ఇప్పటి సంపాదకులు ఎక్కువమంది దీన్నే పెడతారు. వినడానికి రెండూ ఒకటే కాబట్టి నటుడికి బాధ లేదు.

పడుగుపేక
అయితే పట్టే. సందేహమే లేదు. మా ఇల్లు మగ్గాల ఇల్లు, ధర్మవరం వైపు. పట్టు లడి, అంటే పోగుల కట్ట, చిక్కుపడటం ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. నూలు చిక్కు కంటికి కనబడుతుంది, పట్టు చిక్కు కనబడదు, వేలికి తెలుస్తుంది. పోగు గాలికే లేచిపోతుంది, గోరు తగిలితే తెగుతుంది. మా అవ్వ కండెలు చుట్టడానికి కూర్చునే ముందు గోళ్లు కొరుక్కునేది, కత్తిరించుకుంటే అంచు గరుకుగా ఉంటుందని. ఒక పోగు చివర దొరికిందని లాగితే చిక్కు బిగుస్తుంది. వదులు చేస్తూ పోతే ఎక్కడో ఒక చోట దానంతట అదే జారి వస్తుంది. రాత్రి బల్బు కింద కూర్చుని ఎంతకీ రాకపోతే లడిని అలాగే గోడ కొక్కేనికి తగిలించి "తెల్లారి చూద్దాం లే, ఇప్పుడు దీనికీ కోపంగా ఉంది నాకూ కోపంగా ఉంది" అని పడుకునేది. తెల్లారి నిజంగానే వచ్చేది, టీ తాగేలోపు. నిద్ర దిగులు చిక్కు తీస్తుందని రాసినాయన అలాంటి లడి చూసి ఉండాలి. చొక్కా చెయ్యి అల్లడానికి నిద్ర ఎందుకు, దర్జీ చాలు.

అరసున్న
అమ్మా, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో ఇదే ఎన్నదగిన వ్యాఖ్యానం.

ఫుట్‌నోట్
ఒప్పుకుంటాను. ఒక్క ఇబ్బంది. మూలంలో క్రియ "నిట్స్ అప్". చిక్కు తీయడం కాదు, కూర్చడం, ముడి వేయడం. చిక్కు సంగతి ఆ తర్వాత వచ్చే విశేషణంలో ఉంది.

పడుగుపేక
చిక్కు తీశాక ఏం చేస్తారండీ? తెగిన చోట పోగుకి పోగు ముడి వేస్తారు. ముడి వెయ్యకుండా కండె చుట్టడం ఎక్కడైనా చూశారా?

ఫుట్‌నోట్
చూడలేదు. వెనక్కి తీసుకుంటున్నాను.

చలిచీమ
ఫుట్‌నోట్ గారు వెనక్కి తీసుకున్నారు! తేదీ రాసి పెట్టుకోండి.

తేటగీతి
ఆ వరసలోనే "ప్రకృతి విందులో రెండో కోర్సు" అని ఒకటుంది కదా, దాన్ని నేను "మారు వడ్డన" అన్నాను. పగలు మొదటి వడ్డన, నిద్ర మారు వడ్డన. ఎలా ఉంది?

కొలిమి
బాగుంది. అతిథిని ఇంట్లో చంపినవాడి నోట "వడ్డన" అన్న మాట రావడం ఇంకా బాగుంది. డంకన్‌కి ఆ రాత్రి విందు పెట్టింది వాళ్లే కదా. అందుకే నా ఓటు "అని" పైనే పెట్టాలి అనే దానికి. ఆ మాటలు మాక్బెత్‌వే అయి ఉండాలి. గాలిలో గొంతుకి వడ్డన గురించి ఎందుకు?

తెరవెనక
నేనూ అప్పుడు ఇదే వాదించాను. డైరెక్టరు ఏమన్నాడంటే, గొంతు అతని లోపలిదే అయితే గొంతు మాటలూ అతని మాటలూ వేరు చెయ్యడం ఎందుకు, "అని" ఎక్కడ పెట్టినా ఒకటే కదా అని. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అరసున్న
జవాబు ఉంది. "స్లీప్ నో మోర్" అన్నదాన్ని మీరు "ఇక నిద్ర లేదు" అన్నారు. అది "ఇక నిద్రపోకు" అని కూడా కావచ్చు కదా? మొదటిది జోస్యం, రెండోది ఆజ్ఞ. ఆజ్ఞ అయితే ఇచ్చేవాడు ఒకడు బయట ఉండాలి, అప్పుడు "అని" తప్పదు. జోస్యం అయితే తనకు తనే చెప్పుకోవచ్చు. మంత్రగత్తెలు కూడా అంతే గమనించండి, చంపమని ఎక్కడా చెప్పలేదు. రాజువవుతావు అన్నారు, అంతే. మిగిలింది అతనే పూరించుకున్నాడు.

ఫుట్‌నోట్
ఇంగ్లీషులో స్లీప్ అనేది పేరూ అవుతుంది, పనీ అవుతుంది కాబట్టి ఆ రెండూ కలిసే ఉంటాయి. ఈ రెండు మూడు వాక్యాల్లో ఆ మాట ఎనిమిది సార్లు వస్తుంది, లెక్క పెట్టాను. మనకు "నిద్ర" ఒక్కటే చాలదు, "పో" కావాలి.

చలిచీమ
ఆ "పో"తోనే కదా మజా. నిద్రపోయాడు అంటే పడుకున్నాడు. నిద్ర పోయింది అంటే మెలకువగా ఉన్నాడు. మధ్యలో ఒక ఖాళీ, ఒక విభక్తి తేడా. మాక్బెత్‌కి రెండోది, డంకన్‌కి మొదటిది. డంకన్ విషయంలో మూడో అర్థం కూడా ఉంది, "పోయాడు".

అరసున్న
తమ్ముడూ, నువ్వు అప్పుడప్పుడు చదువుకున్నవాడిలా మాట్లాడతావు.

నిద్రగన్నేరు
ఒక వార్త. ఆగలేక నా పక్క బెంచీ స్నేహితురాలికి ఫోన్ చేశాను, ఇప్పుడు ఒంగోల్లో ఉంటుంది. ఆ క్లాసు గుర్తుందా అన్నాను. డస్టరు, సుద్దపొడి, అన్నీ గుర్తున్నాయంది. నా కన్నా బాగా గుర్తున్నాయి, ఆ రోజు నేను కట్టుకున్న ఓణీ రంగు కూడా చెప్పింది. వాక్యం అడిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పింది: "కునుకులో చంపాననుకున్నాడు, కునుకునే చంపాడు." నిద్ర అన్న మాటే మాస్టారు వాడలేదట. వెనక బెంచీల వైపు చూస్తూ అన్నారు కాబట్టి కునుకే అట, ఒట్టేసి చెబుతోంది.

ఫుట్‌నోట్
"నే" ఉందన్నమాట మరి.

నిద్రగన్నేరు
మళ్లీ అడిగాను. "నే" నా "ను" నా అని. "ఏదైతే ఏంటే, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి" అంది.

అరసున్న
కునుకు కాకూడదు. కునుకు అంటే రెప్పపాటు. "కంటిమీద కునుకు లేదు" అంటాం కానీ కునుకును చంపడమేంటి? డంకన్ గాఢనిద్రలో ఉన్నాడు.

కొలిమి
కునుకే కరెక్టు. లేనిది కునుకే కదా అతనికి. నిద్ర సంగతి దేవుడెరుగు.

తెరవెనక
ఆవిడ "కునుకునే చంపాడు" అన్నాక "అని" అన్నారా మాస్టారు, లేదా? అది కాస్త కనుక్కుంటారా? రేపు పగలు చెయ్యండి ఫోను.